టమేటా తోట పక్క సాళ్ళ ఆకు

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, చింతామణి తాలూకాలో పట్టు విస్తరణాధికారిగా ఉన్న నన్ను చిక్కబళ్ళాపురంలో రెండు రోజుల కార్యాగారానికి, అంటే వర్క్‌షాపుకు, పంపారు. విస్తరణాధికారి అంటే శాస్త్రజ్ఞులు చెప్పింది రైతులకూ, రైతులు అడిగింది శాస్త్రజ్ఞులకూ చేరవేసేవాడు. నా డైరీ ప్రకారం అది నా నలభై ఒకటో కార్యాగారం. అంతకుముందు నలభై సంచులు, నలభై ప్రమాణపత్రాలు తెచ్చుకొన్నాను. అడిగిన ప్రశ్నలు ఆరు.

ఈసారి అడగవలసినది ఒకటుంది. మునెమ్మ అనే రైతుకు ముందు పంట చాలావరకు పోయింది. పట్టుపురుగులు చక్కగా మేసి, చంద్రికల మీద, అంటే గూళ్ళు అల్లుకొనే వెదురు తడకల మీద వేసిన తరువాత, గూడు కట్టకుండా తిరిగి తిరిగి చచ్చాయి. రెండో పంట పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే చివరిసారి పొర విడిచే నిద్ర నుంచి, అప్పుడే లేచాయి. ఇదీ పోతే మల్బరీ పెరికివేయాలని ఆమె భర్త తీర్మానించాడు. నేను బయలుదేరే ముందురోజు ఆమె, "టమేటా తోట పక్క సాళ్ళ ఆకు మేపిన తట్టల్లోనే ఇట్లయితాండాది. ఎందుకో అడుగుకోని రాప్పా" అన్నది. డైరీలో రాసుకొన్నాను.

ప్రశ్నలు చీటీ మీద రాసి ఇవ్వాలన్నది అక్కడి పద్ధతి. నాకన్న మూడు మెట్లు పైవారు కూర్చున్న సభలో తట్టలు, సాళ్ళు అని రాయడం తక్కువగా తోచింది. "ప్రౌఢ దశలో గూళ్ళ అల్లికలో కానవచ్చే వైఫల్యానికి సమగ్ర నివారణ చర్యలు తెలుపగోరుతాను" అని రాశాను. సమాధానమూ అంతే సమగ్రంగా వచ్చింది: గాలి, వెలుతురు, పరిశుభ్రత, బ్లీచింగు పొడి. రెండున్నర పుటలు నింపాను. భోజనానికి ముందే అభిప్రాయ పత్రాలు పంచారు. ఇంకా జరగని రెండో రోజు కూడా అత్యుత్తమమని గుర్తు పెట్టాను. అందరూ పెట్టారు.

సాయంత్రం మునెమ్మకు ఫోనులో ఆ పుటలు చదివాను. ఓపికగా విన్నది.

"అదంతా మీరే మా గోడ మీద రాసి పోయిండారు గదప్పా. టమేటా మాట చెప్పినావా, లేదా?"

లేదన్నాను.

"పురుగు ఇంకా నాలుగైదు దినాలే మేసేది. రేపన్నా చెప్పు."

మర్నాడు చీటీ లేకుండా, వంతు తప్పి లేచి, కన్నడంలో సాగుతున్న సభలో ఆమె మాటలను తెలుగులోనే చదివాను. నవ్వులు వినిపించాయి. మా పై అధికారి గడియారం చూసుకొన్నాడు. శాస్త్రజ్ఞుడు మాత్రం నవ్వలేదు. టమేటాకు ఏ మందు కొట్టారని అడిగాడు. నాకు తెలియదు. అక్కడినుంచే ఫోను చేస్తే, మునెమ్మ పక్క తోట ఆయనచేత డబ్బా మీది పేరు చదివించింది. అది పురుగును ముదరనివ్వని మందనీ, గాలికి వచ్చి ఆకు మీద లేశమాత్రం పడినా పట్టుపురుగు బాగానే మేస్తుంది గాని గూడు అల్లలేదనీ, ఆ సాళ్ళ ఆకు ఆ క్షణంనుంచే ఆపాలనీ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఫోనుతో కలిపి పదకొండు నిమిషాలు పట్టింది.

నలభై ఎనిమిది తట్టల్లో ముప్పై తొమ్మిది గూడు కట్టాయి. మల్బరీ తోట నిలిచింది. పోయిన తొమ్మిదింటినీ నాకు చూపించి, కార్యాగారం మొదటి రోజు కూడా వాటికి ఆ సాళ్ళ ఆకే మేపానని మునెమ్మ చెప్పింది. "మొదటి దినమే అడిగింటే ఇవీ మిగులును" అన్నది. లెక్క సరిగానే ఉంది.

సభకు తగినట్లు నేను ప్రశ్నను మార్చినందువల్ల, సభకు తగిన సమాధానమే వచ్చింది. ఆ తరువాత ఉద్యోగంలో మిగిలిన ఐదు కార్యాగారాలలోనూ రైతు మాటను రైతు చెప్పినట్లే, మొదటి పూటే చదివాను. నవ్వు ఐదుసార్లూ వినిపించింది. పనికివచ్చే సమాధానం నాలుగుసార్లు దొరికింది.