ఎవరు గమనించారో రాయలేదు

మా మేనమామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో, ల్యాబ్‌లో ఉన్నాను. మామ వాళ్ల ఊరు తిరుమలగిరి చేరేసరికి చితి ముట్టించి గంట దాటింది. ఆయనతో చెప్పుకోవలసిన మాట ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది. అది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మామ ముప్పై ఏళ్లు ఫైర్‌మన్‌గా పనిచేశాడు. రిటైరయ్యాక కూడా బీడీ ముట్టించుకున్న అగ్గిపుల్లను నీళ్లలో ముంచి గానీ పారేసేవాడు కాదు. పెళ్లిళ్లకు పోతే దర్వాజా ఎటుందో చూసుకుని, దానికి దగ్గర్లో కూర్చునేవాడు. మేం నవ్వితే, "మీరు తినుండ్రి, నేను గీడ్నే ఉంట" అనేవాడు.

నా పరిశోధన కూడా మంటల మీదే. గోదాముల్లో నిప్పు ఎలా పాకుతుందో, ఎప్పుడు ఆరుతుందో లెక్కగట్టి చూపే కంప్యూటర్ మోడల్ తయారుచేస్తున్నాను. మూడేళ్ల కింద ల్యాప్‌టాప్ పట్టుకుపోయి మామకు చూపించాను. తెరమీద పత్తి బేళ్లు ఎర్రగా మండాయి, నీళ్లు పడ్డాయి, అంతా నీలంగా మారింది.

"ఆరలే బిడ్డా," అన్నాడు.

"వేడి తగ్గింది గదా మామా."

"పైన తగ్గింది. పత్తి లోపల నిమ్మళంగ తింటనే ఉంటది."

నా లెక్కల్లో అలా లేదన్నాను, కొంచెం విసుగ్గానే. అప్పుడాయన ఒక జిన్నింగు మిల్లు సంగతి చెప్పాడు. మంట ఆరిందని తానే చెప్పి ఫైరింజన్ తిప్పుకొచ్చాడట. తెల్లారి బేళ్లు తీయడానికి ఎక్కిన హమాలీ కాలు లోపలి నిప్పులో దిగబడింది. ఆ మనిషి మళ్లీ బరువు మోయలేదు.

"చెయ్యి పెట్టి చూడంది ఆరిందనద్దు. గది నేను ఒకని కాలు కాల్చి నేర్సుకున్న."

ఆ సాయంత్రం ఇనుప బకెట్‌లో పత్తి గట్టిగా కూరి, ముట్టించి, పైనుంచి నీళ్లు పోశాడు. పొద్దున విప్పితే నడుమ ఎర్రగా ఉంది. నేను మోడల్ మార్చుకున్నాను. పేపర్ అచ్చయింది, మెప్పూ వచ్చింది.

అందులో "నీళ్లు పడిన తర్వాత కూడా లోపల దహనం కొనసాగడం గమనించబడింది" అని రాశాను. ఎవరు గమనించారో రాయలేదు. చివర కృతజ్ఞతల్లో మా ప్రొఫెసర్ల పేర్లున్నాయి. పెరట్లో బకెట్టు, పదో తరగతి తప్పిన ఫైర్‌మన్ అని రాస్తే నవ్వుతారనుకున్నాను. అడిగాడని కాపీ మాత్రం పంపాను. వెళ్లి చెప్పుకుందామనుకుంటూనే ఏడాది గడిపాను.

మూడోనాడు అత్త దగ్గర ఆ మాట ఎత్తాను. పేపర్ అనగానే ఆమె బీరువా తెరిచి ఆ కాగితాలు తీసింది.

"పక్కింటి ఇంగ్లీషు సారుతోని మొత్తం చదివించుకున్నడు."

"చివరి పేజీ గూడనా అత్తా?"

"అది గూడ. అండ్ల మీ సార్ల పేర్లే ఉన్నయని చెప్పిండు."

"మామ ఏమన్నడు?"

"హమాలీ సంగతి రాసిందా అని అడిగిండు. లేదన్నడు సారు. 'నా తప్పు బయటపడద్దనే బిడ్డ నా పేరు పెట్టలే' అన్నడు మీ మామ. రెండు దినాలు సంబురపడ్డడు."

"గందుకు కాదత్తా. నాకు సిగ్గయింది."

అత్త ఆ కాగితాల మడత నలగకుండా అరచేత్తో సాపు చేసి, పట్టా పాసుబుక్కుకూ రేషన్ కార్డుకూ మధ్యన పెట్టి బీరువా మూసింది.