డయలుకి వేసిన తాళం

మా ఇంటికి ఫోన్ వచ్చిన రెండో వేసవిలో దాని డయలుకి నేను తాళం వేశాను. డయలు చిల్లులో దూర్చి తిప్పితే బిగుసుకునే, చిటికెన వేలంత తాళం; అది ఉంటే వచ్చే ఫోన్ వస్తుంది కానీ, ఇక్కణ్ణించి నంబరు తిప్పలేరు. బెజవాడ కొట్టువాడు చెప్పిన ధరలో సగానికి బేరమాడి తెచ్చాను. బస్సులో వస్తున్నంతసేపూ ఆ సగాన్నే తలుచుకుని మురిసిపోయాను. ఇంటికొచ్చాక తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగాను.

మాది నూజివీడు బజారులో కిరాణా కొట్టు. కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణే అయినా అక్కడ కూర్చోవడమంటే నాకు పడేది కాదు. మామిడి తోటల కాపు కొని పెద్ద వ్యాపారినవ్వాలని కోరిక. నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. రెడ్డిగూడెంలో మంచి తోట ఒక్కటి నా చేతికొస్తే సరే, లేకపోతే మాట్లాడకుండా వచ్చి కొట్టులో కూర్చోవాలి.

మా దగ్గర తోట బేరం నోటితో జరగదు. రైతు చెయ్యీ కొనేవాడి చెయ్యీ తువ్వాలు కింద ఉంటాయి. వేళ్ళు నొక్కి రేటు చెప్పుకుంటారు. పక్కన ఆనుకుని కూర్చున్నవాడికి కూడా అంతు చిక్కదు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అయినా ఆ ఏడు రెండు తోటలు జారిపోయాయి. సరుకు కొనే నాగపూర్ సేటు ఎంతవరకు పోవచ్చన్నాడో, సరిగ్గా దానికి కాస్త పైన పలికి, హనుమాన్ జంక్షన్ వ్యాపారి ఎగరేసుకుపోయాడు. నా ఆఖరు మాట అతనికి ముందే తెలిసిపోతోంది.

సేటు ఆ మాట చెప్పేది ట్రంకు కాల్లో. అంటే ఫోన్ దగ్గరే ఎవరో వింటున్నారు. నా తెలివి తిన్నగా పక్కింటి బాబాయ్ దగ్గరికి పోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి, డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. అందుకని రోజు మార్చి రోజు మా ఫోన్లో ట్రంకు కాల్ బుక్ చేసి, లైను కలిసేదాకా ముందు గదిలో కూర్చునేవాడు. జంక్షన్‌లో ఆయనకి తెలియని మనిషి లేడు. నాకు ఆ సాక్ష్యం చాలింది.

తాళం వేసిన మర్నాడు ఆయన వచ్చాడు. ఫోన్ చెడిపోయింది బాబాయ్ అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే ఫోన్ మోగింది.

ఆయన ఫోన్ వంక చూశాడు, తాళం వంక చూశాడు.

"తియ్యరా, నీకే అయ్యుంటుంది," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సేటే. ఆ సీజనుకి నాకు మిగిలిన ఒకే ఒక్క తోట గురించి. నేను తలుపు గడియ పెట్టి మరీ మాట్లాడాను. లైను గరగరలాడుతుంటే గొంతు పెంచాను.

మర్నాడు పొద్దున్నే రెడ్డిగూడెం వెళ్ళాను. తువ్వాలు కింద నేనింకా రెండో వేలు నొక్కుతున్నాను, రైతు మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంతకంటే పైమాట నిన్న సాయంత్రమే అయిపోయిందండీ. జంక్షన్ ఆయన వచ్చి ఖాయం చేసుకుని వెళ్ళారు."

ఇంటికొచ్చి అమ్మ ముందు బాబాయ్‌ని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. గోడకి చెవి ఆనించి విన్నాడన్నాను. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"గోడ దాకా ఎందుకురా? పెరట్లో బట్టలారేస్తుంటే నాకే వినబడింది. ఆ సేటుకి వినబడలేదని మూడుసార్లు అరిచావు. వీధి కిటికీ బార్లా తెరిచుంది. ఎదురుగా టీకొట్టు బెంచీ మీద ఆ జంక్షన్ ఆయన మనిషి రోజూ కూర్చుంటాడు, నీకు కనబళ్ళేదా?"

ముందే ఎందుకు చెప్పలేదని మండిపడ్డాను.

"ఫోన్లో ఉన్నప్పుడు పలకరిస్తే కరుస్తావు కదా," అంది.

ముఖాముఖి బేరంలో వేలు కూడా ఎవరికీ కనబడనివ్వని మేము, ఫోన్ ఎత్తితే ఊరంతటికీ వినబడేలా అరుస్తాం. నాగపూర్ దూరం కదా, గొంతు అంత దూరం పోవాలనుకునేవాణ్ణి. తాళం వేసింది డయలుకి. అరిచింది నా నోరు.

సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాలనే బయల్దేరాను. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి నాలోని కొట్టువాడు లేచాడు. అనుమానించానని ఒప్పుకోవడం ఎందుకు, అంతకంటే తక్కువలో తేల్చుకోవచ్చు కదా అనిపించింది. ఫోన్ బాగైంది, ఎప్పుడైనా వచ్చి చేసుకోమన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ నన్ను 'ఒరేయ్' అన్న మనిషి.

"అలాగేనండీ. మీరు శ్రమపడి వచ్చారు," అన్నాడు.

మళ్ళీ మా గడప తొక్కలేదు. గడువు తీరింది, నేను కొట్టులో కూర్చున్నాను. మా కొట్టుకి ఎదురుగానే పోస్టాఫీసు. ఆ నెలంతా, పప్పులూ బెల్లమూ పొట్లాలు కడుతూ, మిట్టమధ్యాహ్నం ట్రంకు కాల్ కోసం తువ్వాలు నెత్తినేసుకుని మెట్ల మీద కూర్చున్న బాబాయ్‌ని చూశాను. ఒకరోజు ఆయన నవ్వుకుంటూ బయటికొచ్చి, దారినపోయే అందరికీ ఏదో చెప్పాడు. ఆడపిల్లో మగపిల్లాడో నాకు తెలియలేదు. అడగడానికి లేచాను కానీ, సరిగ్గా అప్పుడే ఎవరో శనగపప్పు అడిగారు.