తాడిపత్రి ఎండలో హీటర్ రిపేరు

2023 డిసెంబరు. తాడిపత్రిలో యాడికి రోడ్డు పక్కన మా నాయన మెకానిక్ షెడ్డు. డిగ్రీ అయ్యాక ఆయన కూతుర్నైన నేనూ అందులోనే పనిచేస్తున్నాను. నాకు మాటలు తక్కువ. అందుకే వచ్చిన ప్రతి బండి గురించీ నోటుబుక్కులో రాసిపెడతాను. పని లేనప్పుడు టైర్ల వెనక కూర్చుని నవలలు చదువుతాను. నాయనకు తెలుసు, తెలియనట్టు ఉంటాడు.

ఆ రోజు ఓబులేసన్న తన పాత పికప్ తెచ్చాడు. యాడికి తోటల నుంచి ఊటీకి చీనీకాయలు, అంటే బత్తాయిలు, తోలుతాడు.

"హీటర్ సరిగా పనిచెయ్యలేదన్నా, రవ్వంత చూడు," అన్నాడు నాయనతో.

షెడ్డులో టీ తాగుతున్నవాళ్ళలో ఒకాయన, "ఏమప్పా, తాడిపత్రి ఎండ చాల్లేదా నీకు?" అన్నాడు.

"నగండప్పా. ఘాట్‌లో అద్దం లోపలంతా ఆవిరి పడతాది. వేడిగాలి రాక, మలుపు మలుపుకూ నిలిపి టవలుతో తుడుచుకుంటా పోయినా. లోడు ఆలస్యమాయ. ఇంకోతూరి ఇట్లయితే వేరే బండి పెట్టుకుంటానన్నాడు ఊటీ యాపారి. రేపే మళ్ళా పోవాల."

నాయన ఇంజన్ స్టార్ట్ చేసి, నిలబడిన బండిలోనే చెయ్యి పెట్టి చూశాడు. "ఈడ బాగనే వస్తాండాది కదప్పా."

హీటరుకు వేరే పొయ్యి ఉండదు. ఇంజన్ దగ్గర వేడెక్కిన నీళ్ళు డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లోకి వెళ్తాయి. బ్లోయర్ ఆ వేడిని గాలితో పాటు లోపలికి తోస్తుంది. చూస్తే నీళ్ళు నిండుగా ఉన్నాయి, బ్లోయర్ గట్టిగా తిరుగుతోంది. "రోడ్డు మీద చూద్దామా?" అన్నాను.

యాడికి రోడ్డు మీద పది నిమిషాలు పోయేసరికి గాలి చప్పబడింది. టెంపరేచర్ ముల్లు కింది గీతకు దిగింది. బండి ఆపించి, కోర్‌కు వెళ్ళే పైపు, తిరిగొచ్చే పైపు పట్టుకున్నాను. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయినట్టు. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. అంటే నీళ్ళే కాగడం లేదు. అనుమానం థర్మోస్టాట్ వాల్వు మీదికి పోయింది. నీళ్ళు కాగేదాకా రేడియేటర్‌కు పోనీకుండా ఆపే చిన్న తలుపు అది.

షెడ్డుకొచ్చి విప్పితే లోపల తలుపే లేదు.

"ఎవుడు పీకినాడు దీన్ని? పని తెలిసినోడు చేసే పనేనా?" అన్నాడు నాయన.

నోటుబుక్కు తిరగేశాను. ఏప్రిల్ పేజీలో నా రాతే ఉంది: 'ఓబులేసన్న పికప్. ఇంజన్ వేడెక్కుతోంది. నాయన థర్మోస్టాట్ తీసేశాడు. ఇప్పుడు చల్లగా ఉంది. భలే పని.'

పుస్తకం నాయన చేతికిచ్చి స్పానర్లు తుడవడం మొదలుపెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"భలే పని అని రాసిందెవరు?"

"నేనే నాయనా."

"అయితే ఇద్దరమూ పని తెలీనోళ్ళమే."

ఓబులేసన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు.

మా ఎండలకు ఆ వాల్వు తీసేయడం ఇక్కడ మామూలే. తీసినవన్నీ మా షెడ్డులో ఒక డబ్బాలో ఉంటాయి. కానీ ఊరికే తిరిగి బిగిస్తే వేసవిలో ఇంజన్ మళ్ళీ కాగుతుంది. రేడియేటర్ ముందు లైటు వేసి చూశాను. సందుల నిండా శెనక్కాయ పొట్టు. గాలి ఆడకనే అప్పుడు ఇంజన్ కాగింది.

"పొట్టు తోలినావా అన్నా?"

"ఎండాకాలమంతా అదే కదమ్మా."

నాయన నీళ్ళ పైపు తెచ్చి రేడియేటర్ కడిగాడు. నేను డబ్బాలోంచి అదే సైజు వాల్వు తీసి టీ పొయ్యి మీద నీళ్ళలో వేశాను. "వాల్వుతో టీ కాస్తాండావా పాపా?" అన్నాడు ఓబులేసన్న. నీళ్ళు బాగా కాగాక అది మెల్లగా తెరుచుకుంది. పనికొస్తుందని బండికి బిగించాం.

మూడో రోజు పొద్దున ఊటీ నుంచి ఫోను. "లోడు టయానికి దించేసినా పాపా. అద్దం తళతళ మెరుస్తాండాది. కాళ్ళే కాలిపోతాండాయి, దీన్ని తగ్గించేది యాడ?"

వేడెక్కుతుందని వాల్వు తీశామే గాని, ఎందుకు వేడెక్కుతుందో ఆ రోజు అడగలేదు. ఇప్పుడు నా నోటుబుక్కులో 'ఎందుకు' అని ఇంకో గడి ఉంది. అది నిండేదాకా నాయన స్పానర్ పట్టుకుని నిలబడే ఉంటాడు.