వెనక తలుపుకు లోపలి గడియ

కుళాయిల మేస్త్రీ వ్యాను వయసులో ఆయన పెళ్ళికంటే పెద్దది. దాని ముందు తలుపులు మర్యాదస్తులే. వెనక తలుపుల జత మాత్రం ఎవరు ఒక గుద్దు గుద్దినా నోరు తెరిచేది. అలా గుద్దినవాడెవడో పైపులు కోసే మిషన్ ఎత్తుకుపోయాడు. అది మొదలు మేస్త్రీ పనిముట్లకు కాపలాగా బండిలోనే పడుకుంటున్నాడు.

ఇల్లాలు నెల్లాళ్ళు ఓపిక పట్టి, తేల్చి చెప్పింది. "ఏమండీ, నేను చేసుకున్నది మిమ్మల్నా, ఆ బండినా? ఆదివారానికల్లా ఇంట్లో పడుకోకపోతే మా అమ్మ దగ్గరికి పోతా!"

మేస్త్రీ కోటను కాపాడే సేనాధిపతిలా నడుం కట్టాడు. అద్దం పగలగొట్టినవాడు లోపలికి దూరకుండా ముందు సీట్లకూ వెనక సామానుకూ మధ్య ఇనుప జాలీ వెల్డింగ్ చేయించాడు. వెనక తలుపులకు లోపలివైపున అడ్డగడియ బిగించాడు. బయటికి ఒక్క మేకు తల కూడా కనపడదు.

ఆదివారం పొద్దున్నే మెకానిక్ బావమరిదిని పిలిచి, తాను వెనక ఎక్కి, గడియ వేసుకుని, "ఊఁ, తియ్యి చూద్దాం!" అన్నాడు.

బావమరిది లాగాడు, తన్నాడు, గునపం పెట్టాడు. తలుపులు ఉలకలేదు, పలకలేదు. లోపల మేస్త్రీ పకపకా నవ్వుతున్నాడు.

"అదిరింది బావా! ఇక గడియ వేసి దిగిరా."

నవ్వు టక్కున ఆగింది. "గడియ వేస్తే దిగేదెట్లారా? ముందునుంచి వద్దామంటే జాలీ అడ్డం. దిగితే గడియెవడు వేస్తాడు?"

"దొంగనే అడగండి, వేసి పోతాడు!" గుమ్మంలోంచి అంది ఇల్లాలు. ఆవిడ చేతిలో అప్పటికే ఊరికి పోయే సంచి ఉంది.

బావమరిది నేలమీద కూలబడి, కడుపు పట్టుకుని, నవ్వడం పూర్తయ్యాక లేచాడు. పాత సైకిల్ బ్రేకు తీగా, ఒక స్ప్రింగూ తెచ్చి, స్ప్రింగును గడియ మీద బిగించి, తీగ ఒక కొస గడియకు కట్టి, జాలీలోంచి దూర్చి, రెండో కొస డ్రైవరు సీటు కింద దాచాడు. లాగితే గడియ లేస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని పడేస్తుంది.

మేస్త్రీ దిగి, తలుపులు మూసి, లాగి చూశాడు. తన బండి తనకే లొంగలేదు! జన్మ ధన్యమైంది. దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి లాగమన్నాడు. పాలవాడు లాగాడు. పక్కింటి పెద్దాయన చేతికర్రతో రెండు అంటించాడు. బావమరిది పళ్ళు బిగించి గుంజేసరికి పిడి ఊడి చేతికొచ్చింది కానీ తలుపు రాలేదు. మేస్త్రీ ఆ పిడిని లాక్కుని వీధిమధ్య చిందులేశాడు.

"ఒరేయ్, ఆ తీగ లాగు," అని తమ్ముడికి చెప్పి, ఇల్లాలు వెనక తలుపులు తెరిచి మొగుడి పరుపు చుట్టి బయటికి లాగింది. తలుపులు మూసి, తానూ రెండుసార్లు గుంజి చూసి, పరుపు చంకన పెట్టుకుని, "రండి, ముందు పడుకోండి. మీ మొహం చూస్తే దొంగకే జాలేసేట్టుంది," అంటూ ఇంట్లోకి నడిచింది.

మేస్త్రీ పట్టపగలే నిద్రపోయాడు. చేతిలో పిడి మాత్రం వదల్లేదు.