అవ్వ గొలుసు కోసం గవదలు

1950ల నాటి మాట. మద్రాసులో మేము తిరువొత్తియూరులో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. గవదబిళ్లలకు టీకా లేని రోజులవి. సౌకార్‌పేటలో మా అత్త కూతురు సరోజకు గవదలు వచ్చాయని తెలియగానే అవ్వ నన్ను రైలెక్కించి తీసుకుపోయింది, నాకూ అంటించడానికి!

“సరోజ పక్కనే కూచో. అది తాగిన గ్లాసులోనే పాలు తాగు. చిన్నప్పుడే వచ్చిపోతే మేలు, పెద్దయినాక వస్తే శానా కష్టం,” అంది.

నేను సంతోషంగా తాగాను. ఎందుకంటే గవదలు తగ్గాలని సరోజ మెడలో బంగారు గొలుసు వేశారు. నాకొస్తే అవ్వ తన రెండు పేటల గొలుసు వేస్తానంది. సాయంత్రం మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన నాయన, మేము మిగిల్చిన పాలు పారేయడమెందుకని గటగటా తాగేశాడు.

రోజూ అద్దంలో బుగ్గలు చూసుకున్నాను. మూడో వారంలో వాచాయి, నాయనవి!

నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. పరామర్శకు హెడ్మాస్టరు వస్తే, మెడలోని అవ్వ గొలుసు కనబడకుండా దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. నాకు ఉక్రోషం ఆగలేదు. దుప్పటి లాగేసి, “ఆ గొలుసు నాది, ఇచ్చెయ్ నాయనా!” అని ఏడ్చాను. హెడ్మాస్టరు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నాయన తనూ నవ్వబోయి, నొప్పికి దవడలు పట్టుకున్నాడు.

“వీడికి చిన్నప్పుడే అంటించుంటే ఈ తిప్పలుండేవా!” అని అవ్వ తనను తానే తిట్టుకుంది.

మొన్న టీకా వేయించుకొచ్చిన మనవరాలు ఏడుస్తుంటే, ఆడుకోమని నా మెడలోని రెండు పేటల గొలుసు తీసిచ్చాను. అవ్వ గొలుసు చివరికి నాకే వచ్చింది. గవదలు మాత్రం ఇంతవరకూ రాలేదు.