ప్లాస్మా టీవీలో మిగిలిన నీడ

మా చిన్నతనంలో... మిర్యాలగూడ ఇంట్లో ప్లాస్మా టీవీ కొనాలా వద్దా అని రోజులకొద్దీ పంచాయితీ నడిచింది.

అన్నకు క్రికెట్ పిచ్చి, కొనాల్సిందే అన్నాడు. అమ్మేమో "ఉన్న డబ్బా టీవీకి ఏం రోగమొచ్చింది?" అంది.

కోదాడలో టీవీల దుకాణం నడిపే మా మేనమామ వచ్చి నాన్నకు వివరంగా చెప్పాడు. "రెండు అద్దాల నడుమ సన్న సన్న గూళ్లుంటయ్ బావా. వాటిల గ్యాస్ ఉంటది. కరెంటు తగిలితే ట్యూబులైటు లెక్కనే... ఎరుపు, పచ్చ, నీలం పూతలు వెలిగి బొమ్మయితది. కని కరెంటు బాగ తింటది. ఒక్క బొమ్మనే ఆపి పెడితే మచ్చ పడతది."

కొన్నాం. బండంత బరువు... ఎండాకాలంలో ఆ వేడికి ముందు గదిలో కూర్చోలేకపోయేవాళ్లం. కానీ ఆ రంగులు! అన్న నేలమీద బోర్లా పడుకుని, గడ్డం కింద దిండు పెట్టుకుని చూసేవాడు.

ఆ ఎండాకాలంలోనే అన్న సాగర్ ఎడమ కాలువకు ఈతకు వెళ్లాడు... తిరిగి రాలేదు.

చాలా నెలలు అమ్మ టీవీ వైపే చూడలేదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, అంతకుముందు ఏడాది జరిగిన అక్క పెళ్లి సీడీ పెట్టింది. అందులో అన్న సాంబారు బకెట్ పట్టుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వుతాడు. అక్కడ ఆపింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. ఇక రోజూ అంతే...

మామ చూసి, "అక్కా, గట్ల ఆపితే టీవీ ఖరాబైతది" అన్నాడు.

"కానియ్యి బామ్మర్దీ... టీవీయే గదా" అన్నాడు నాన్న.

మచ్చ పడింది. వార్తలొచ్చినా, సీరియల్ వచ్చినా వెనకాల సన్నటి నీడ. నాకది ఒక భుజంలా, బకెట్ అంచులా కనబడేది. పక్కింటివాళ్లకు ఏమీ కనబడేది కాదు. అమ్మకు మాత్రం అన్న మొహమే. సీడీ గీతలు పడి ఆడడం మానేశాక ఆమెకు మిగిలింది ఆ నీడే. ఇంకో కాపీ తీసి పెట్టాలని మాకెవరికీ తోచలేదు...

కొన్నేళ్లకు టీవీ టప్పున ఆరిపోయింది. మామ సూర్యాపేటలో చూపించాడు, హైదరాబాద్‌లో చూపించాడు. "అద్దమే పోయింది. ఇవి తయారుచేసుడే బంద్ పెట్టిన్రు" అన్నారంతా.

పాత సామాన్లవాళ్లు మోసుకుపోతుంటే అమ్మ వాకిలి దాకా వెంట వెళ్లింది. "జర పైలం అయ్యా... అద్దం పగలగొట్టకుండ్రి" అంది. వాళ్లు సరేనని తలూపి, ఆటోలో ఇనుపముక్కల మీద పడేశారు.

మొన్న ఈ గ్రూపులోనే ఒకరు, పాత ప్లాస్మా చవగ్గా వస్తోంది కొనొచ్చా అని అడిగారు. బొమ్మ చాలా బాగుంటుంది... కానీ కొనకండి. పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరు.

మా గోడకు ఇప్పుడు పలుచటి టీవీ ఉంది. ఎంతసేపు ఆపి పెట్టినా దీనిమీద మచ్చ పడదట. అమ్మ ఆ గదిలోకే రాదు...

పోనివ్వకుండా ఉండాల్సింది అనిపించే వస్తువు మీ ఇంట్లోనూ ఉండేదా... రాయండి, చదువుతాను.