లేచి, పోయింది

మా అవ్వ గురించి రాయడం ఇది రెండోసారి. మొదటిసారి రాసి ఆమె ఇజ్జత్ తీసిన. అవ్వ అంటే మా దిక్కు కన్నతల్లి. చదివేటోళ్లు ముసలమ్మో నానమ్మో అనుకుంటరని ముందే చెప్తున్న. ఒక్క మాట తప్పు అర్థమైతే ఏమైతదో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెల్వదు.

ఆమెది దేవరుప్పుల దగ్గర పల్లె. పెండ్లయిన కొత్తల కోటసొంటి దొర గడిల వెట్టికి పెట్టిండ్రు. వడ్లు దంచాలె, పెండ తీయాలె, కూలి అడగొద్దు. నేనప్పుడు చంటిపిల్లగాణ్ని. ఒకనాడు పట్టపగలు నేను ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే పాలియ్యనీకి కదిలిందట. దొరసాని "దంచుడు అయినంక ఇయ్యి" అన్నది. అవ్వ రోకలి గోడకు ఆనిచ్చి, చేతులు దులుపుకొని, నన్ను చంకనేసుకొని పెద్ద దర్వాజ నుంచే బయటికి వచ్చింది. వెనుక చిన్న తలుపు ఉండె, అటు పోలే. ఆ ముచ్చట ఎన్నడు చెప్పినా రెండే మాటలు చెప్పేది: "లేసిన. పోయిన." రెండింటి నడుమ ఒక ఊపిరి తీసుకునేది.

బాట మీద ఒక ముసలాయన ఎడ్లబండి కనబడితే జనగామ దాక ఎక్కింది. మూడోనాటికి ఊర్ల మాట పుట్టింది, బండాయనతోని లేసిపోయిందని. ఆ బండాయనకు నోట్లె పండ్లు సుత లేవు. అయినా మా నాయిన నమ్మిండు. నమ్మితే దొరను అడిగే పని తప్పుతది గద! ఏడాది తిరగకముందే ఇంకో పెండ్లి చేసుకున్నడు.

అవ్వ నన్నేసుకొని కేసముద్రం చేరింది. మార్కెట్ల చాట పట్టి గింజలు చెరిగింది. నేను బడి మొఖం చూడలే. గోనెసంచుల మీద రంగుతోని రాసిన అక్షరాలే నా పెద్దబాలశిక్ష. ఉన్న జాగల సేటు పేరు, ఊరి పేరు అన్నీ ఇరికించి రాస్తరు సంచుల మీద, మాటకూ మాటకూ నడుమ సందు ఉండదు. నా చదువు అట్లనే వచ్చింది, సందు లేకుంట.

మొదటి తెలంగాణ ఉద్యమంల పోలీసులు తరిమిన కాలేజి పిల్లగాండ్లను అవ్వ ఆ సంచుల చాటునే దాచింది. వెతకొచ్చిన జవాను చేతిల చాట పెట్టి, "ఊకె నిలబడ్తవేంది బిడ్డా, జర పొట్టు చెరుగు" అన్నది. వాడు సిగ్గుపడి పోయిండు. ఎండకాలాలు భూపాలపల్లి అడవికి తునికాకు ఏరబోయేది. అక్కడ ఎలుగుబంటి ఎదురైతే మోపు దాని ముందర పడేసి, "నువ్వే ఏరుకో" అని వచ్చేసింది. కాళేశ్వరం కాడ వరద గోదాట్ల పడవాయన బెదిరి తెడ్డు ఇడిస్తే తాను అందుకున్నది.

ఇన్ని చేసిన మనిషిని ఊర్ల ఎవరు యాది చేసినా "అదేనా, లేసిపోయినది" అనేటోళ్లు. మా నాయిన సచ్చిననాడు పోతే పీనిగె కాడికి రానియ్యలే. ఆమె గడప అవతలనే కొంగు నోట్లె కుక్కుకొని నిలబడ్డది.

రెండో ఉద్యమం నాటికి ఆమెకు ఎనభై దాటినయి. జనగామల నా ఇంట్లనే ఉండేది. దీక్ష డేరాల కూసునేది, రోడ్ల మీద వంట చేస్తే గంటె పట్టేది. అప్పుడొక లెక్చరర్ సాబ్ మా ఇంటికొచ్చి, "బాపూ, ఉద్యమంల తల్లుల మీద పుస్తకం ఏస్తున్నం, మీ అవ్వ ముచ్చట మీరే రాయాలె" అన్నడు. నా రొమ్ము ఉబ్బింది. సంచుల మీద చదువుకున్నోని రాత అచ్చుల వస్తదంటే ఉబ్బదా మరి?

అవ్వ అన్నది: "ఎలుగు ముచ్చట ఉంటే ఉండనీ, లేకుంటే పోనీ. గడి ముచ్చట సక్కగ రాయి కొడకా. అచ్చుల పడితే ఇగ ఎవ్వడు కాదనడు గద?"

"ఎవడంటడవ్వా!"

మన మాటల రాస్తే ఏం బాగుంటదని పుస్తకాల తెలుగు పట్టుకున్న. 'లేసిన'ను 'లేచి' చేసిన. "ఆమె గడి నుంచి లేచిపోయింది" అని రాసిన. కలిపి రాసిన. ఆమెకు మూడుసార్లు చదివి వినిపించిన, మూడుసార్లు తలూపింది. నా నోటికి ఆమె ఊపిరి తెలుసు. కాయితానికి తెల్వదు.

పుస్తకం విడుదల సభ నాడు ఆమెను వేదిక మీద కుర్చీల కూసోబెట్టి శాలువ కప్పిండ్రు. లెక్చరర్ సాబ్ ముందు సినిమాల్ల మన భాషను ఎట్ల వెక్కిరిస్తరో చెప్పిండు. చప్పట్లు మోగినయి. తర్వాత నా రాత తీసి గంభీరంగ చదివిండు: "ఆమె గడి నుంచి లేచిపోయింది."

వెనుక నుంచి ఎవడో అరిచిండు, "ఎవనితోని?"

నవ్వు ముందు వరుసల దాక పాకింది. మన మాటను వెక్కిరించొద్దని చప్పట్లు కొట్టిన చేతులే, నోటికి అడ్డం పెట్టుకొని నవ్వినయి. మా ఊరోళ్లు ట్రాక్టర్ మీద వచ్చి ఉండిరి, వాళ్లూ నవ్విండ్రు. ఇంకెవరో నవ్వితే ఇంత మండకపోవు.

అవ్వ నవ్వినోళ్లను చూడలే. వేదిక పక్కన నిలబడ్డ నన్ను చూసింది. శాలువ కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి, జనం నడుమ నుంచి రోడ్డెక్కింది. వెనుక ఉరికిన.

"ఆగవ్వా! అక్షరాలు జర దగ్గర పడ్డయి, అంతే."

"దగ్గర పడ్డయా? అరవై ఏండ్ల సంది నేను ఎడం పెట్టుకుంట వచ్చిన. నువ్వు ఒక్క పూటల కలిపినవ్."

వారం తిరగకముందే మా ఊరామె ఒకతె ఇంటికొచ్చి, పుస్తకం ఆడించుకుంట, "ఇన్నొద్దులు మేమంటిమి, ఇప్పుడు నీ కొడుకే రాసిండు గదనే" అన్నది. అవ్వ దినాం పొద్దుగాల నాతోని పేపర్ చదివించుకునేది, అది బంద్ చేసింది. "చెవులు వినొస్తలెవ్వు" అన్నది. రెండు గల్లీల అవతల ఉప్పమ్మేటోని కేక వినేది!

లెక్చరర్ సాబ్ కాడికి పోయి మళ్ల అచ్చేయమంటే, "సందర్భం చూస్తే అర్థమైతది బాపూ, గిప్పుడు మన ధ్యాస రాష్ట్రం మీద ఉండాలె" అన్నడు. రాష్ట్రం వచ్చింది, పటాకులు కాలినయి. అప్పటికి అవ్వ లేదు. పుస్తకం రెండోసారి అచ్చయింది. ఆ వాక్యం అట్లనే ఉన్నది.

అందుకే ఇది. మాటకూ మాటకూ నడుమ వేలు పెట్టి సందు చూసుకుంట రాస్తున్న. మా అవ్వ రోకలి ఆనిచ్చి లేచింది. పెద్ద దర్వాజ నుంచి పోయింది.

ఎవనితోని అని ఆనాడు ఒకడు అడిగిండు. నాతోని పోయింది. ఆమె చంకల నేనే ఉంటి. సభల ఆ మాట చెప్పాల్సినోణ్ని నేనొక్కణ్నే. నోరు తెరవలే.